సిజేరియన్ తర్వాత నొప్పి: ఏ మందు ఎంతవరకు పనిచేస్తుంది

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 ప్రసవాలలో దాదాపు 61 సిజేరియన్లే. వరంగల్‌లోనైనా, హన్మకొండలోనైనా పెద్ద ఆపరేషనుకు తేదీ నిర్ణయమైన రోజే మత్తు డాక్టరును కలిసి నొప్పి మందుల సంగతి అడగాలి. వాటిలో అన్నిటికన్నా బలమైనది ఆపరేషన్ బల్ల మీదే ఇవ్వవలసినది కాబట్టి, వార్డుకు వచ్చాక అడిగితే ఆ అవకాశం ఉండదు.

అది వెన్నులో ఇచ్చే మత్తు సూదిలోనే కలిపే మార్ఫిన్. సాధారణంగా 100 నుంచి 150 మైక్రోగ్రాములు మాత్రమే ఇచ్చినా, కోత నొప్పినీ గర్భసంచి ముడుచుకునే నొప్పినీ 12 నుంచి 24 గంటల వరకు అణచి ఉంచుతుంది. దురద, వాంతులు రావచ్చు. శ్వాస మందగించడం చాలా అరుదే అయినా, రాత్రంతా నర్సు కనిపెట్టుకుని ఉండే ఆసుపత్రిలోనే దీన్ని కోరుకోవాలి.

ఆ ఏర్పాటు లేని చోట, పొట్ట గోడలోని నరాలకు అల్ట్రాసౌండ్ సాయంతో ఇచ్చే మొద్దుబార్చే సూది, అంటే ట్యాప్ బ్లాక్, మంచి ప్రత్యామ్నాయం. ఇది మగత తేదు. అయితే బిడ్డకు పాలిచ్చేటప్పుడు లోపల పిండినట్టు వచ్చే నొప్పి మీద పనిచేయదు. మార్ఫిన్ ఇచ్చినవారికి దీనివల్ల కలిగే అదనపు మేలు స్వల్పమే.

ఏది తీసుకున్నా పారాసిటమాల్, దానితోపాటు ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ గడియారం ప్రకారం పడాలి. నొప్పి ముదిరేదాకా ఓర్చుకుని, అప్పుడు మాత్ర వేసుకోవడమే బాలింతలను ఎక్కువగా బాధపెడుతుందని నా దృఢమైన అభిప్రాయం. పారాసిటమాల్ 6 గంటలకోసారి 1 గ్రాము చొప్పున రోజుకు 4 గ్రాములు మించకూడదు. 50 కిలోల కన్నా తక్కువ బరువున్నవారికి డాక్టరు మోతాదు తగ్గిస్తారు. పాలిచ్చే తల్లికి ఈ మందులు సాధారణంగా సురక్షితమే. కానీ కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఇలాంటి నొప్పి మాత్రలతో పెరిగే ఆస్తమా, అధిక రక్తస్రావం ఉన్నవారికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పనికిరావు. ఆసుపత్రి రాసిన మాత్రలు వేసుకుంటూనే ఊళ్లో ఆర్‌ఎంపీ చేత డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే ఒకే కోవ మందు రెండింతలవుతుంది; పుట్టింటికి చేరిన వారంలో ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

ట్రమడాల్ అనే నొప్పి మందు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అది పాల ద్వారా బిడ్డకు చేరి శ్వాసను మందగింపజేసే ప్రమాదం ఉన్నందున, పాలిచ్చే తల్లులు దాన్ని వాడవద్దని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇక్కడ మందుల చీటీలో ఆ పేరు కనబడితే, బిడ్డ పాలు తాగుతున్నదని చెప్పి మరో మందు అడగండి.

దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవడం, డాక్టరు ఒప్పుకున్న వెంటనే లేచి నడవడం, నడుముకు బెల్టు కట్టుకోవడం కొంత ఉపశమనమిస్తాయి. జ్వరం, కుట్ల నుంచి చీము, ఒక కాలి పిక్క వాపు, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి కనిపిస్తే మాత్రం మాత్ర మార్చి చూడకుండా, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి.