వ్యానులో ఫ్యాన్ తిరుగుతున్నా కుక్క రొప్పుతోందా? ముందు గాలి దారి చూడండి

ఎండాకాలం మొదలవగానే నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, పైన ఫ్యాన్ మంచిగనే తిరుగుతాంది, చిన్న కూలర్ గూడ పెట్టిన, టెంపరేచర్ మీటర్ల ముప్పై రెండు డిగ్రీలే చూపిస్తాంది. అయినా కుక్క ఆగకుండ రొప్పుతాంది."

నేను మొదట అడిగేది ఒక్కటే: "దాని పక్కన పది నిమిషాలు పడుకుని చూసినవా తమ్మీ?" ఇంతవరకు చూశానన్నవాళ్లు లేరు. డ్రైవర్ సీట్లో కూర్చుని, చేయి పైకెత్తి, గాలి వస్తోందని చెబుతారు. కుక్క ఉండేది ఆ ఎత్తులో కాదు. అది నేల మీద, వెనక మూల, బ్యాగులకూ గ్యాస్ పొయ్యికీ మధ్య ఉంటుంది.

హనుమకొండలో చాలా ఏళ్లుగా టెంపో ట్రావెలర్లు, ఈకోలు, పాత ఆమ్నీలు పడుకుని ప్రయాణం చేయడానికి వీలుగా మార్చి ఇస్తున్నాను. ఇంట్లో లాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. ఎక్కడికి వెళ్లినా మాతోనే వస్తాడు. నీళ్ల గిన్నె, నీడలో పార్కింగ్, మధ్యమధ్యలో దింపి నడిపించడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. కుక్కను బండిలో ఒంటరిగా వదిలి గుడికో హోటల్‌కో వెళ్లేవాళ్ల కోసం మాత్రం ఇది రాయడం లేదు. 2005లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఎండలో ఆపిన కారు లోపలి వేడిని కొలిచారు. గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కొంచెం దించి పెట్టినా పెద్దగా తేడా రాలేదు. "అద్దం ఒక అంగుళం దించినం కదా" అనే మాట ఇక ఆపేయండి.

బండి నడుస్తోంది, ముందు ఏసీ చల్లగా ఉంది, వెనక కుక్క రొప్పుతోంది

కారణం తేలికే. ముందు డ్యాష్‌బోర్డు నుంచి వచ్చే చల్లగాలి సీట్లు దాటి వెనక్కి పోవడం లేదు. చాలాసార్లు కుక్కను బోనులో పెట్టి, ఎండ తగలకూడదని పైన దుప్పటి కప్పుతారు. దుప్పటి ఎండతో పాటు గాలినీ ఆపుతుంది. దుప్పటి తీసేసి అద్దాలకు సన్‌షేడ్ కట్టండి. రెండు సీట్ల మధ్య చిన్న 12 వోల్ట్ ఫ్యాన్ బిగించి వెనక్కి తిప్పండి. బోను ముందు బ్యాగులు పేర్చకండి. తొంభై శాతం బండ్లలో దీనితోనే పని అయిపోతుంది.

బండి ఆపాక కుక్క తన పరుపు వదిలి తలుపు దగ్గరికి పోతోంది

కుక్క మొండితనం అనుకోకండి, నేల కాలుతోంది. ఆమ్నీ, ఈకోల్లో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ఇంజన్ ఆపగానే రేడియేటర్ గాలీ నీటి పంపూ ఆగిపోతాయి కాబట్టి ఆ వేడి కాసేపు పైకే ఎక్కుతుంది. ఏ బండిలోనైనా సైలెన్సర్ పైపు పోయే దారి మీద నేల ఇలాగే ఉంటుంది. ఆపిన పావుగంటకు అరచేయి నేలకు ఆనించి చూడండి. చేయి తీసేయాలనిపిస్తే అక్కడ కుక్క పడుకోలేదు. దానికి అర అడుగు ఎత్తున చిన్న నవారు మంచం చేయించండి. కింద నుంచి గాలి ఆడుతుంది. రబ్బరు మ్యాట్ల మీద మందపాటి పరుపు వేస్తే వేడిని ఇంకా పట్టి ఉంచుతుంది.

ఫ్యాన్ ఉంది, కూలర్ ఉంది, మీటరు తక్కువే చూపిస్తోంది, కుక్క మాత్రం ఇంకా రొప్పుతోంది

నన్ను దెబ్బతీసింది ఇదే. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ఒక మే నెలలో లక్నవరం బయల్దేరాం. ములుగు దాటాక ఎండ ముదరడంతో రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపాం. పైన రూఫ్ ఫ్యాన్ గాలిని బయటికి లాగుతోంది. ఇన్వర్టర్ మీద చిన్న కూలర్ వెనక నేల మీద, బ్రూనోకు రెండడుగుల దూరంలో ఉంది. దుమ్ము వస్తోందని వెనక అద్దాలు మూసి, ముందు కిటికీలు తెరిచాను. మీటరు 31 డిగ్రీలు చూపిస్తోంది. బయట 42 ఉండగా లోపల 31 అంటే నాకు చాలా ధీమాగా అనిపించింది. ముందు సీట్లో టీ తాగుతూ కూర్చున్నాను. నా మెడకు గాలి తగులుతూనే ఉంది.

అరగంట తర్వాత మా ఆవిడ వెనక్కి తిరిగి చూసి, "ఏందయ్యా వీడు గిట్ల చేస్తాండు" అంది. నాలుక వెడల్పుగా చాపి ఉన్నాడు, అంచులు ముదురు ఎరుపు, చొంగ పలచగా కారకుండా తీగలా సాగుతోంది. వెనక తలుపు తీస్తే అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది. వెనక అద్దం లోపలి వైపు చెమ్మ పట్టి సన్నటి ధారలు కట్టింది. ప్లైవుడ్ ముట్టుకుంటే జిగటగా ఉంది. అదే మీటరులో కింద చిన్న అంకెల్లో తేమ 88 శాతం అని ఉంది. అప్పటివరకు నేను చూసింది పై అంకె ఒక్కటే.

జరిగింది ఏమిటంటే, కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది అంతే. అది చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే. నాలుక మీద, గొంతులో ఉన్న తడి ఆరితేనే ఒంట్లో వేడి దిగుతుంది. చుట్టూ గాలి అప్పటికే తడిగా ఉంటే ఆ తడి ఆరదు. ముసురు పట్టినప్పుడు దండెం మీద బట్టలు ఆరనట్టే. అప్పుడు కుక్క ఇంకా గట్టిగా రొప్పుతుంది. ఆ రొప్పుడుకు కండరాలు పనిచేసి ఒంట్లో వేడి పెరుగుతుంది, దాని ఊపిరితో గాలిలో తేమ కూడా పెరుగుతుంది. కూలర్ ఉష్ణోగ్రతను దించుతూనే కుక్క దగ్గరున్న ఒక్క సాధనాన్నీ పనికిరాకుండా చేస్తుంది.

మరి రూఫ్ ఫ్యాన్ ఆ తడి గాలిని ఎందుకు లాగలేదు? లాగింది, కానీ వెనకది కాదు. గాలి ఎప్పుడూ దగ్గరి దారే చూసుకుంటుంది. ముందు కిటికీలోంచి వచ్చి, పైకప్పు కిందుగా జారి, ఫ్యాన్‌లోంచి బయటికి పోయింది. నా మెడకు తగిలింది ఆ గాలే. వెనక మూల గాలి కదలనే లేదు, కూలర్ దాన్నే మళ్లీ మళ్లీ పీల్చి తడిపి వదిలింది. ఇంట్లో ఈ తప్పు ఎవరమూ చేయం. కూలర్‌ను కిటికీ బయట పెట్టి ఎదురు తలుపు తెరుస్తాం, మూస్తే ఉక్కపోస్తుందని పిల్లలకు కూడా తెలుసు. బండి ఎక్కగానే మర్చిపోతాం.

దీనికి పరీక్ష ఒక్క రూపాయి ఖర్చు కానిది. కుక్కను కిందికి దింపండి, పొగ దానికి పడదు. గ్యాస్ సిలిండర్ వాల్వు మూసేయండి. ఫ్యాన్ వేసి, కిటికీలు మీరు రోజూ ఎలా పెడతారో అలాగే ఉంచి, అగరుబత్తి వెలిగించండి. కుక్క పడుకునే చోట, దాని ముక్కు ఉండే ఎత్తులో పట్టుకోండి. పొగ ఒక వైపుకు వాలి ఫ్యాన్ దిక్కుగా సాగితే బాగున్నట్టు. నిటారుగా లేచి అక్కడక్కడే సుడి తిరుగుతుంటే అక్కడ గాలి చచ్చిపోయింది. నేను మార్చి ఇచ్చిన ప్రతి బండికీ ఇది చేసి చూపిస్తాను. అయినా ఏడాది తర్వాత బెడ్డు మార్చి, బీరువా జరిపి, మళ్లీ చూడకుండా బయల్దేరతారు.

బాగు చేసే పద్ధతి చెప్తాను. ఫ్యాన్ పక్కనున్న కిటికీ మూసేయండి. కుక్క వైపు, ఫ్యాన్‌కు దూరంగా, వీలైనంత కిందుగా, నీడ పడే వైపు ఒక కిటికీ తెరవండి. అప్పుడు బయటి గాలి కుక్క మీదుగా పోతే తప్ప ఫ్యాన్‌కు అందదు. ఆ కిటికీ సందు చాలినంత ఉండాలి. మామూలు రూఫ్ ఫ్యాన్ రంధ్రం 14 అంగుళాల చదరం, అంటే 196 చదరపు అంగుళాలు. పన్నెండు అంగుళాల ఎత్తున్న కిటికీని రెండు అంగుళాలు జరిపితే వచ్చేది 24 చదరపు అంగుళాలే. ఫ్యాన్ ఎంత లాగినా అంత సందులోంచి గాలి రాదు. ఫ్యాన్ తిరుగుతుండగా స్లైడింగ్ డోరు కొంచెం తీసి వినండి. ఫ్యాన్ శబ్దం మారిందంటే దానికి గాలి చాలడం లేదని అర్థం. దోమజాలి ఉంటే సందు ఇంకా తగ్గుతుంది. ఆ జాలికి కుక్క బొచ్చు పట్టిందంటే దాదాపు మూసేసినట్టే. వారానికోసారి బ్రష్‌తో దులపండి. వెనక కిటికీ తెరుచుకోని బండి అయితే పక్క గోడలో కిందుగా జాలీ వెంటిలేటర్ కోయించాలి, సైలెన్సర్ మూతి ఉన్న వైపు మాత్రం వద్దు.

కూలర్ వాడాలనుకుంటే దాని వెనక భాగం కిటికీకి ఆనించి, పీల్చేది బయటి గాలే అయ్యేలా చుట్టూ ఫోమ్ పెట్టి బిగించండి. పొడి ఎండలో, అంటే మన దగ్గర మార్చి నుంచి మే వరకు, ఇది చాలా బాగా పనిచేస్తుంది. మృగశిర దాటి తొలకరి పడిందంటే కూలర్ ఇంట్లో పెట్టేసి రండి. తేమ చూపించే మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది. దాన్ని కుక్క పడుకునే ఎత్తులో కట్టండి. నా లెక్కలో తేమ 70 దాటితే కూలర్ ఆపి ఫ్యాన్ ఒక్కటే నడపాలి. తడి టవల్ కప్పడం కూడా ఇంతే, గాలి ఆడని చోట అది కంబళి కప్పినట్టే పనిచేస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్యాన్ ఎంత మంచిదైనా లోపలి వేడిని బయటి వేడి కంటే కిందికి దించలేదు. రామగుండం, మంచిర్యాల వైపు మే మధ్యాహ్నం 44, 45 ఉన్నప్పుడు ఉత్త గాలి దారితో కుక్కను కాపాడలేరు. తెల్లవారుజామున బయల్దేరి పదింటికల్లా చేరిపోవాలి, లేదా నడిచే ఏసీ ఉండాలి. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఆ నెలలో ప్రయాణమే వద్దు. వాటికి రొప్పడానికి కూడా దారి ఇరుకు.

ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేశాం, కుక్క మగతగా ఉంది

వెంటనే తలుపులన్నీ తీసి, కుక్కనూ మనుషులనూ బయటికి దింపండి. నిలిపిన బండిలో ఇంజన్ నడుస్తుండగా రూఫ్ ఫ్యాన్ గాలిని బయటికి లాగితే, లోపల ఏర్పడిన ఖాళీలోకి వెనక డోరు రబ్బరు సందులోంచి సైలెన్సర్ పొగ వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. ఇంజన్ నడుస్తున్నంతసేపు రూఫ్ ఫ్యాన్ ఆపేయాలి, వెనక డోరు రబ్బరు ఏటా మార్చాలి.

రాత్రి ఫ్యాన్ మధ్యలో ఆగిపోతోంది

బ్యాటరీ. 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో సగమే వాడాలి, 3 ఆంపియర్ల ఫ్యాన్‌కు అది 16 గంటలు వస్తుంది. రాకపోతే బ్యాటరీ పాతబడింది, లేదా కారు రేడియేటర్ ఫ్యాన్ తెచ్చి పైన బిగించారు. అది పది ఆంపియర్లకు పైనే తాగుతుంది, తీసేయండి.

వైర్లు తిరగేసి ఫ్యాన్ ఉల్టా తిరగడం, మోటారు కాలడం, పైకప్పు లీకు లాంటివి అరుదు. పైవన్నీ చూశాక ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే చాలు.

ఇవన్నీ సరిచేసే లోపే కుక్క తూలుతుంటే

ఇక బండి సంగతి వదిలేయండి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం, 106 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. నీడలోకి తెచ్చి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట కింద, తొడల మధ్య మామూలు నీళ్లు పోస్తూ, ఇంకొకరు అట్టముక్కతో విసరాలి. టవల్ కప్పకండి. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయకండి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లడం. ఒంటి వేడి 103కు దిగగానే నీళ్లు ఆపేయండి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది.

లేచి తోక ఊపినా సరే ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. కిడ్నీలకూ రక్తం గడ్డకట్టే గుణానికీ తగిలిన దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. బ్రూనోను నేను ఆ సాయంత్రమే వెనక్కి తీసుకొచ్చి చూపించాను, మూడు రోజులు ఒంటేలు రంగు చూస్తూ కూర్చున్నాను.