కుడి బొటనవేలికి ఒకటే పని ఇవ్వండి

పర్లాకిమిడి బజారులో నాది ఫోన్ రిపేరు కొట్టు. స్క్రీన్ గార్డ్ వేయించుకోడానికి వచ్చే కుర్రాళ్లు, తెలుగువాళ్లయితే 'అన్నా', ఒడియావాళ్లయితే 'భాయి' అంటూ అడిగేది ఒకటే: ఫోన్‌లో తుపాకీ ఆటలకి సెన్సిటివిటీ, అంటే వేలు ఈడిస్తే గురి ఎంత తిరగాలనేది, ఎంత పెట్టాలి? నా నంబర్లు మీకు పనికిరావు. మీ చెయ్యి వేరు, ఫోన్ వేరు. ముందు వేళ్ల సంగతి చూసుకోండి.

రెండు బొటనవేళ్లతో ఆడితే ఎడమది నడకకి సరిపోతుంది. కుడిది గురీ చూడాలి, ఫైరూ నొక్కాలి. పేల్చడానికి వేలు ఎత్తిన క్షణంలోనే గురి ఆగిపోతుంది. ఎదుటివాడు పక్కకి ఒక్క అడుగేస్తే చాలు, మీ పని అయిపోయినట్టే.

కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో అయితే సింపుల్ మోడ్ వదిలి అడ్వాన్స్‌డ్ పెట్టండి. సింపుల్‌లో గురి కుదరగానే తుపాకీ తనే పేలుతుంది, అలవాటైతే మానడం కష్టం. తర్వాత కస్టమ్ లేఅవుట్ తెరిచి ఎడమ ఫైర్ బటన్‌ని పై మూలకి లాగండి. ఎక్కడికంటే, ఫోన్ ఆటకి పట్టుకున్నట్టే పట్టుకుని, ఎడమ చూపుడువేలు వంచి స్క్రీన్ మీద ఆనించండి. నేనైతే తుడిచిన అద్దం మీద పడిన వేలి మరక చూసి, సరిగ్గా అక్కడే పెట్టాను. ఇక ఫైర్ ఆ వేలిది, కుడి బొటనవేలికి గురి ఒక్కటే. మొదటి వారం వేలు పీకుతుంది, ఓడిపోతారు కూడా. ఈ మూడు వేళ్లు చాలు, నాలుగు వేళ్ల జోలికి అప్పుడే పోకండి.

రొటేషన్ మోడ్ ఫిక్స్‌డ్ స్పీడ్‌లో ఉంచండి. యాక్సిలరేషన్ ఉంటే వేలు ఎంత వేగంగా ఈడిస్తే గురి అంత ఎక్కువ తిరుగుతుంది, చేతికి కొలత దొరకదు. ఇక సెన్సిటివిటీ: వేలు ఒక్కసారి అడ్డంగా ఈడిస్తే పూర్తిగా వెనక్కి తిరిగేంత. స్కోప్‌కి ఇంకా తక్కువ.

ఫోన్ తిరగడాన్ని పసిగట్టే సెన్సర్ జైరోస్కోప్. మీ ఫోన్‌లో అది ఉందో లేదో తెలియాలంటే 360 డిగ్రీల వీడియో పెట్టి ఫోన్ తిప్పండి, దృశ్యమూ తిరగాలి. ఉంటే ఏడీఎస్‌కి, అంటే తుపాకీ ఎత్తి గురిలోంచి చూసేటప్పటికి, మాత్రమే ఆన్ చేయండి. తుపాకీ పైకి తన్నుతున్నప్పుడు ఫోన్ పై అంచుని కాస్త అవతలికి వాలిస్తే గురి కిందికి దిగుతుంది.

ఒకసారి ఆర్. ఉదయగిరి బస్సులో ఆడుతుంటే ఘాట్ మలుపు వచ్చినప్పుడల్లా నా గురి పక్కకి జారిపోయింది. ఫోన్ పాడైందనుకుని కొట్టుకొచ్చి విప్పాను, రిపేరువాణ్ణయి ఉండి! జైరోకి తెలిసేది ఫోన్ తిరిగిందనే. తిప్పింది నేనో బస్సో దానికేం తెలుసు? బండెక్కితే ఆపేయండి.

మే నెలలో చెమటకి వేలు జారదు, పట్టేస్తుంది. కొంచెం టాల్కం పౌడర్ రాసుకోండి. నా కౌంటర్ మీద డబ్బా ఎప్పుడూ ఉంటుంది.