ర్యోకాన్ రేటు లేకుండా తతామి మీద నిద్ర
జపాన్‌లో ర్యోకాన్ (సంప్రదాయ సత్రం) రేటు చూసి వెనక్కి తగ్గుతున్నారా? ‘మిన్‌షుకు’ వెతకండి. ఇంటివాళ్లే నడిపే బస. అవే తతామి చాపలు, అదే ఫుటాన్ పరుపు. పల్లెల్లో రెండు పూటల భోజనంతో సుమారు 7,000–10,000 యెన్‌లకు దొరుకుతుంది. రేటు గదికి కాదు, మనిషికి. చాలామందికి లెక్క ఇక్కడే తప్పుతుంది. భోజనం వద్దంటే ‘సుదొమారి’ అని అడగండి, ఇంకా తగ్గుతుంది.

పక్క సాధారణంగా మీరే పరుచుకోవాలి, తువ్వాలు వెంట ఉంచుకోండి. స్నానాల గది అందరికీ ఒకటే. ముందు తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బు నురగంతా పోయేదాకా కడుక్కుని, అప్పుడే వేడినీళ్లలో దిగాలి. తర్వాతివాళ్లకీ అవే నీళ్లు, తొట్టి ఖాళీ చేయకండి.

శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పాలి: కూరగాయల పులుసులోనూ ‘దాషి’ ఉంటుంది, అది ఎక్కువగా ఎండుచేపల రసమే. రాత్రి భోజనం ఆరింటికే పెట్టేస్తారు, ఆలస్యమైతే ఫోన్ చేయండి.