ఏసీ చల్లబడ్తలేదా? గ్యాస్ ఎక్కించేముందు ఇవి చూడుండ్రి

హన్మకొండల మాది పై పోర్షన్, గోడ పడమటికి ఉంటది, మే నెలల సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చెయ్యి పెడ్తె కాలుతది. మా ఒకటిన్నర టన్ను ఏసీ చల్లబడ్తలేదని మెకానిక్‌ను పిలిస్తె, మూత కూడ ఇప్పకుండనే "గ్యాస్ అయిపోయింది సార్" అని ఎక్కించి పోయిండు, మల్ల ఏడాది ఇంకొకాయన వచ్చి అదే మాట. పెట్రోల్ లెక్క ఏసీల గ్యాస్ ఖర్చు కాదండి, మూసిన పైపులల్ల అదే తిరుగుతుంటది, తగ్గిందంటె ఎక్కడ్నో లీకు ఉన్నట్టు.

సమస్య: గాలి తక్కువ వస్తది, రూం చల్లబడది

ఎక్కువ సార్లు ఫిల్టరే. ముందు మూత ఎత్తి జాలి బయటికి తీయుండ్రి, దుమ్ము మందంగ పట్టి ఉంటె గాలి ఎట్లొస్తది? నల్లా కింద కడిగి నీడల ఆరబెట్టి పెట్టాలె, ఎండాకాలం పదిహేను రోజులకొకసారి. ఏనుమాముల మార్కెట్ దిక్కు, రోడ్డు పక్కన ఉండేటోళ్లు వారానికొకసారి చూసుకుంటె మంచిది.

ఫిల్టర్ శుభ్రంగనే ఉంటె బయట యూనిట్ చూడాలె. రూంల వేడిని బయట పారబోసేది అదే. దానికి ఎండ తగుల్తదని గోనెసంచి కప్పుతరు, చుట్టూ పాత సామాను పెడ్తరు, ఇగ వేడి గాలి పోవడానికి జాగ లేక మల్ల అదే గాలి లోపలికి గుంజుకుంటది, కంప్రెషర్ ఆగకుండ నడుస్తది, కరెంట్ కాలుతది. నీడ కావాలంటె పైన దూరంగ రేకు ఎయ్యండి గని యూనిట్‌ను మూయకండి. వెనక రెక్కలను మెయిన్ స్విచ్ బందు చేసి పైపుతో మెల్లగ కడగండి, ప్రెషర్ పంపు కొడితె రెక్కలు వంగుతయి.

సమస్య: ఏసీతో పాటు కూలర్ నడిపినా ఉక్కపోత

మన దగ్గర మస్తు ఇండ్లల్ల చూసిన ఇది. కూలర్ గాలిలకు నీళ్ల ఆవిరి ఇడుస్తది, ఏసీ ఆ తేమను గుంజి మల్ల నీళ్లు చేసి బయటికి పంపాలె, అంటె ఒకటి పోసింది ఇంకొకటి ఎత్తిపోస్తున్నట్టు. ఏసీ నడిచే రూంల కూలర్ పూర్తిగ బందు, సీలింగ్ ఫ్యాన్ మెల్లగ తిరిగితె చాలు.

సమస్య: లోపలి కాయిల్ మీద మంచు గడ్డ కడ్తది

గాలి ఆడకపోయినా గడ్తది, గ్యాస్ తగ్గినా గడ్తది. కూలింగ్ బందు చేసి ఫ్యాన్ మోడ్‌ల పెట్టి కరగనియ్యాలె, కత్తితో గీకితె పైపుకు చిల్లు పడ్తది. ఫిల్టర్, కాయిల్ కడిగినంక కూడ మల్ల గడ్తె అప్పుడు గ్యాస్ మీద అనుమానం పడొచ్చు.

లోపల నీళ్లు కారుతున్నయంటె డ్రైన్ పైపుల పాకురో పురుగు గూడో అడ్డం ఉంటది, బయటి కొస నుంచి ఊదితె పోతది.

సమస్య: సాయంత్రం కంప్రెషర్ ఎత్తుకుంటలేదు

స్టెబిలైజర్ మీద వోల్టేజ్ నంబర్ చూడుండ్రి. లైన్ల వోల్టేజే తక్కువుంటె ఏసీది తప్పు కాదు, 1912కు ఫోన్ చేసి కంప్లైంట్ ఇయ్యండి. వోల్టేజ్ బాగుండి కూడ గుయ్యిమని ఆగిపోతుంటె కెపాసిటర్ పోయుండొచ్చు, అది మీరు ముట్టుకోకండి, స్విచ్ బందు చేసినా దాంట్ల కరెంట్ ఉంటది.

సమస్య: అంతా మంచిగనే ఉంది, బిల్లు మాత్రం వాచిపోతుంది

18ల పెడ్తె జల్ది చల్లబడ్తదని అనుకుంటరు. మామూలు (ఇన్వర్టర్ కాని) ఏసీ 18ల పెట్టినా 26ల పెట్టినా ఒకటే జోరుగ చల్లబరుస్తది, 18 రాదు, అందుకే ఆగదు. ఒక్క డిగ్రీ పెంచితె సుమారు 6 శాతం కరెంట్ మిగుల్తదని బీఈఈ (కరెంట్ పొదుపు చూసే కేంద్ర సంస్థ) లెక్క. 26ల పెట్టి ఫ్యాన్ ఎయ్యండి. ఒకటిన్నర టన్ను ఏసీ కంప్రెషర్ ఆగకుండ నడిస్తె గంటకు ఇంచుమించు యూనిట్టున్నర. తెలంగాణ 2022 టారిఫ్‌ల నెలకు 200 యూనిట్లకు కరెంట్ చార్జీ 820 రూపాయలు, 201 అయితె స్లాబ్ మారి 1,027 దాటుతది. గృహజ్యోతి (200 యూనిట్ల దాక ఫ్రీ కరెంట్ పథకం) ఉన్నోళ్లకైతె ఆ నెల జీరో బిల్లే పోతది, అందుకని నెల మధ్యల మీటర్ ఒకసారి చూసుకోవాలె.

ఇవన్నీ అయినంక కూడ గ్యాసే అంటె, లీకు దొరక్కుండ ఎక్కించనియ్యకండి. జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తె బుడగలొస్తయి. గ్యాస్ రకం, ఎన్ని గ్రాములో బయట యూనిట్ స్టిక్కర్ మీదనే ఉంటది, తూకం పెట్టి ఎక్కియ్యమనండి. మూడో ఏడు మా ఇంట్ల బుడగలొచ్చింది బయట యూనిట్ కాడి నట్టు దగ్గర, పైపు కొస మల్ల చేసి బిగించిండ్రు, అప్పటిసంది గ్యాస్ ముట్టుకోలే.