ఫోన్‌కు కొత్త బ్యాటరీ: స్టాండర్డ్ తీసుకోవాలా, ఎక్స్‌టెండెడా? ఎలా తేల్చుకోవాలి?

ఫోన్‌తో వచ్చినంత కెపాసిటీయే ఉండేది స్టాండర్డ్, అంతకన్నా ఎక్కువ ఉండేది ఎక్స్‌టెండెడ్. బ్యాటరీ మార్చాలనుకునేవాళ్లలో చాలామంది ఫోన్ మోడల్ పేరు కొట్టి వెతుకుతారు, వచ్చినవాటిలో పెద్ద అంకె ఉన్నదాన్ని ఆర్డర్ పెట్టేస్తారు. 3,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే ఛార్జ్ కొలత) ఉండాల్సిన చోట 4,500 కనబడితే ఎవరికైనా ఆశ పుడుతుంది. తీరా చూస్తే కొన్నాళ్లకే అది పాతదానికన్నా ముందు చేతులెత్తేస్తుంది, లేదంటే ఉబ్బిపోయి స్క్రీన్‌ను పైకి నెడుతుంది. అలాంటి ఫోన్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. కొనేముందు ఒక్క పావుగంట లేబుల్ మీద పెడితే ఈ తంటా ఉండదు.

1. పాతది నిజంగా పోయిందో లేదో చూడండి

సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ 80 శాతం కన్నా కిందికి దిగినా, ఇంకా 20, 30 శాతం చూపిస్తూనే ఫోన్ ఆగిపోతున్నా మార్చాల్సిందే. ఉబ్బి ఉంటే మాత్రం ఆలోచించడానికేమీ లేదు, ఛార్జింగ్ పెట్టడం ఇప్పుడే ఆపేయండి. ఇవేవీ కాకుండా ఈమధ్యే ఛార్జ్ త్వరగా అయిపోతోందంటే ముందు ఏ యాప్ తినేస్తోందో చూసుకోండి.

2. కావలసినవి

పాత బ్యాటరీ లేబుల్ ఫొటో, గ్రాముల దాకా చూపే చిన్న తూకం, స్కేలు, ఒక యూఎస్‌బీ మీటర్ (ఛార్జర్‌కూ ఫోన్‌కూ మధ్య పెడితే ఎంత కరెంటు వెళ్లిందో చూపేది). అంతే.

3. లేబుల్ చదవండి

అందరూ పొరబడేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చదవండి.

లేబుల్ మీద చూడాల్సినవి మూడు: ఎంఏహెచ్, వోల్టులు, వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి). అమ్మేవాళ్లు మొదటిదాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. మీరు నమ్మాల్సింది మూడోదాన్ని. ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు రావాలి. 2014లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5నే చూడండి. దాని ఒరిజినల్ బ్యాటరీ మీద 2,800 ఎంఏహెచ్, 3.85 వోల్టులు, 10.78 వాట్ అవర్లు అని ఉంటుంది. గుణించి చూస్తే లెక్క సరిగ్గా కుదురుతుంది. ఇప్పుడు మీరు కొనబోయేదాని ఫొటో తీసుకోండి. 4,500 ఎంఏహెచ్ అని రాసి, కింద చిన్న అక్షరాల్లో అదే 10.78 వాట్ అవర్లు వదిలేశారంటే, పాత లేబుల్ మీద ఒక్క అంకె మార్చి అచ్చేశారన్నమాట. అక్కడితో ఆ బ్యాటరీని వదిలేయండి. అసలు వాట్ అవర్లే రాయని బ్యాటరీని కూడా నేను కొననివ్వను.

లెక్క కుదిరినా పని అయిపోలేదు. వోల్టులు రెండు రకాలుగా రాసి ఉంటాయి. ఒకటి మామూలుగా ఉండే వోల్టేజీ, రెండోది ఛార్జింగ్ ఆగాల్సిన గరిష్ఠ వోల్టేజీ. సాధారణంగా 3.7 ఉంటే పైది 4.2, 3.8 ఉంటే 4.35, 3.85 ఉంటే 4.4 ఉంటుంది. ఛార్జింగ్ ఎక్కడ ఆపాలో నిర్ణయించేది ఫోన్‌లోని చిప్. లోపల పెట్టిన బ్యాటరీ ఎలాంటిదో దానికి తెలియదు, దానికి చెప్పినంత వరకు ఎక్కిస్తూనే పోతుంది. 4.4 వోల్టుల దాకా ఎక్కించే ఫోన్‌లో 4.2 దగ్గర ఆగాల్సిన బ్యాటరీ పెట్టారనుకోండి, ప్రతి ఛార్జింగ్‌కూ దాని హద్దు దాటిపోతుంది. అప్పుడు బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ అడ్డుకుని ఛార్జింగ్ మధ్యలోనే ఆపేస్తుంది. ఆ సర్క్యూట్ నాసిరకమైతే లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది, అంతకు మించి నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. లిథియం బ్యాటరీతో ఆటలొద్దు. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లన్నిటినీ కంపెనీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది బ్యాటరీ లోపాల వల్లే. తయారీదారు చేతిలోనే అలా జరిగిందంటే, పేరూ ఊరూ లేని బ్యాటరీ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

ఉల్టాగా 4.2 దగ్గర ఆపే ఫోన్‌లో 4.4 బ్యాటరీ పెడితే ప్రమాదం లేదు. కానీ అదెప్పుడూ నిండదు, రాసిన కెపాసిటీ మీకు దక్కదు. కాబట్టి నా నియమం ఒక్కటే: రెండు వోల్టేజీలూ పాత లేబుల్‌తో అచ్చంగా కలవాలి. కలవకపోతే మిగతావి ఎంత బాగున్నా వద్దు.

4. మందం, బరువు

ఎక్స్‌టెండెడ్ పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి ఒరిజినల్ కన్నా మందంగా ఉండి, దానికి సరిపడే ఎత్తైన వెనక మూతతో కలిపి వచ్చేది. వెనక మూత ఊడే ఫోన్లకే ఇది కుదురుతుంది. రెండోది అదే కొలతల్లో ఉంటూ కెపాసిటీ మాత్రం ఎక్కువని చెప్పుకునేది. నా దృష్టిలో మొదటిదే ఎక్స్‌టెండెడ్. అదే సైజులో, అదే కాలపు టెక్నాలజీతో కొద్ది శాతం పెంచవచ్చు, అలాంటివి మంచివి ఉన్నాయి కూడా. సగానికి సగం పెరిగిందంటే నమ్మకండి. 2023లో హానర్ మ్యాజిక్5 ప్రోతో మొదలైన సిలికాన్-కార్బన్ బ్యాటరీలు అదే చోటులో ఎక్కువ శక్తిని పట్టించే మాట నిజమే. కానీ ఆ ఫోన్లను వాటి కోసమే తయారుచేశారు. మీ పాత ఫోన్‌కు ఆ పేరు చెప్పి ఎవరైనా అమ్మబోతే మళ్లీ మూడో మెట్టుకు వెళ్లి వోల్టేజీ చూడండి.

బ్యాటరీ చేతికొచ్చాక తూచండి. వాట్ అవర్లు రెట్టింపు అని రాశారంటే బరువు కూడా దాదాపు ఆ మేరకు పెరగాలి. బరువు పాతదంతే ఉండి కెపాసిటీ మాత్రం రెట్టింపైతే అది అబద్ధం. రివ్యూలు చదవడం కన్నా ఈ తూకం వెయ్యి రెట్లు నయం. కొన్న మర్నాడే రివ్యూ రాసేవాళ్లకు బ్యాటరీ గురించి ఏం తెలుస్తుంది?

5. మందపాటిది తీసుకుంటే పోయేవి

పాత కేస్ పట్టదు. నీళ్లు చొరకుండా అడ్డుకునే సీల్ ఒరిజినల్ మూతలోనే ఉంటుంది. ఎస్5లో అంతే, మూత మారితే ఐపీ67 రక్షణ (దుమ్మూ నీళ్లూ చొరవని చెప్పే రేటింగ్) పోతుంది. ఆ కాలపు శామ్‌సంగ్ ఫోన్లలో ఎన్ఎఫ్‌సీ (ఫోన్‌ను దగ్గర పెట్టి డబ్బు కట్టడం లాంటివాటికి వాడే వైర్‌లెస్) యాంటెన్నా బ్యాటరీలోనే ఉండేది. కొత్తదాంట్లో లేకపోతే ఆ సదుపాయం పోయినట్టే. ఛార్జింగ్‌కు పట్టే సమయమూ పెరుగుతుంది. లాభం కూడా చెప్పాలి కదా: ఒక్కసారి నింపితే ఎక్కువసేపు వస్తుంది, రోజుకు తక్కువ సైకిళ్లు (నిండి ఖాళీ అయ్యే చుట్లు) తిరుగుతుంది గనుక అరుగుదలా తగ్గుతుంది. రోజంతా ప్లగ్ దొరకని పని మీదైతే తీసుకోండి. మిగతా అందరికీ మంచి స్టాండర్డ్ బ్యాటరీయే సరైనది. ఎప్పుడైనా అవసరపడితే పవర్ బ్యాంక్ ఉండనే ఉంది.

6. బిగించడం

ఊడే మూతైతే ఇదొక పనే కాదు. అతికించిన బ్యాటరీ అయితే ఛార్జ్ 25 శాతం కన్నా కిందికి దించి మొదలుపెట్టండి. ముందు కనెక్టర్ ఊడదీయండి. జిగురు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి నాననిచ్చి, ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా లేపండి. స్క్రూడ్రైవర్‌తో పొడవడం, బ్యాటరీని వంచడం పనికిరాదు. చెయ్యి తిరగనివాళ్లు మెకానిక్‌కు ఇచ్చేయడం మంచిది.

7. మీటర్‌తో కొలవండి

ఫోన్ దానంతటది ఆఫ్ అయ్యేదాకా వాడండి. ఆఫ్‌లోనే ఉంచి, మీటర్ ద్వారా పూర్తిగా ఛార్జ్ చేయండి. కరెంటు దాదాపు సున్నాకు వచ్చాక మీటర్‌లో వాట్ అవర్లు చూడండి. ఎంఏహెచ్ చూడొద్దు, అది ఛార్జర్ వోల్టేజీ మీద లెక్కేసినది, బ్యాటరీ లేబుల్‌తో పోల్చడానికి పనికిరాదు. ఛార్జింగ్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి మీటర్ అంకె లేబుల్ కన్నా ఎక్కువే ఉండాలి. 10.78 అని రాసిన బ్యాటరీకి 12 దాకా చూపితే సంతోషించండి, 8 దగ్గరే ఆగితే లేబుల్ తప్పు. శాతం చూపే లెక్క కొత్త బ్యాటరీకి అలవాటు పడటానికి కొన్ని ఛార్జింగ్‌లు పడుతుంది, అందుకే రెండు మూడుసార్లు అదే ఛార్జర్‌తో కొలవండి. ప్రతిసారీ తక్కువే వస్తుంటే వెనక్కి పంపే గడువు దాటకముందే మీటర్ ఫొటో జతచేసి తిప్పి పంపేయండి.