వాటర్లూ గ్రెనేడియర్‌కి రంగులు వేద్దాం

నా దగ్గరున్న 54 మిల్లీమీటర్ల సైనికుడి బొమ్మ, నెపోలియన్ మేటి దళం ఓల్డ్ గార్డ్‌లోని గ్రెనేడియర్ (కాలిబంటు), పరేడ్ దుస్తుల్లో వచ్చాడు. నాకు కావాల్సింది 1815 జూన్ 18 సాయంత్రం వాటర్లూ యుద్ధంలో బురదలో నడిచినవాడు. కాబట్టి ఎలుగుతోలు టోపీ మీది ఎర్ర ఈకల కుచ్చు ముందు కోసేయండి. ఓవర్‌కోటు అంచుల్ని ఎపాక్సీ పుట్టీతో (రెండు ముద్దలు కలిపితే గట్టిపడే బంకతో) మోకాళ్ల కిందికి దించండి. బ్లేడు తడిపితే పుట్టీ అంటుకోదు.

గ్రే ప్రైమర్ ఆరాక కోటుకి ముదురు నీలం, పల్చగా రెండు పూతలు. మడతల మీద వెలుగు చూపడానికి తెలుపు కలపొద్దు, కోటుకి సుద్ద పూసినట్టుంటుంది. చర్మం రంగు ఒక్క చుక్క కలపండి, ఉన్ని ఉన్నిలాగే కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని టోపీ: నలుపు ఆరాక, రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో ముదురు గోధుమరంగు పైపైన రాస్తే వెంట్రుక వెంట్రుకా లేచి కనిపిస్తుంది. భుజాల మీది ఎర్ర కుచ్చులు మాత్రం ఉంచాలి, గ్రెనేడియర్ గుర్తు అదే. బురద ఆఖర్న, పాదాల నుంచి పైకి, మోకాలు దాటకుండా.