ప్లాస్మిడ్‌ను బ్యాక్టీరియాలోకి ఎక్కించడం ఎలా?

ప్లాస్మిడ్ అంటే చిన్న వలయాకారపు డీఎన్ఏ. జన్యువును అతికించిన ప్లాస్మిడ్‌ను ఈ. కోలి అనే బ్యాక్టీరియా కణాల్లోకి పంపడాన్ని ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు. ఆ తరువాత దానిని స్వీకరించిన కణాలను మాత్రమే ఏరుకోవాలి. కాల్షియం క్లోరైడ్ సమక్షంలో ఈ. కోలి బయటి డీఎన్ఏను స్వీకరిస్తుందని 1970లో మాండెల్, హిగా వైరస్ డీఎన్ఏతో చూపారు. ఇక్కడ చెప్పే పద్ధతికి మూలం అదే.

కాంపిటెంట్ కణాలు (బయటి డీఎన్ఏను స్వీకరించేలా సిద్ధం చేసిన ఈ. కోలి), ప్లాస్మిడ్, ఐసు, 42 డిగ్రీల సెల్సియస్ వాటర్ బాత్, కణాలు కోలుకునేందుకు ఎస్ఓసీ అనే పోషక ద్రావణం, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన అగార్ ప్లేట్లు సిద్ధం చేసుకోవాలి. యాంపిసిలిన్‌ను తట్టుకునే నిరోధక జన్యువు ప్లాస్మిడ్‌లో ఉంటుంది కనుక, దానిని స్వీకరించిన కణాలే ఆ ప్లేట్లపై పెరుగుతాయి. మైనస్ 80 డిగ్రీల నుంచి తీసిన కణాలను ఐసులోనే కరగనిచ్చి, 50 మైక్రోలీటర్ల కణాలకు ఒకటి రెండు మైక్రోలీటర్ల ప్లాస్మిడ్ చేర్చి, వేలితో మెల్లగా తట్టి, అరగంట ఐసులో ఉంచాలి. డీఎన్ఏ లేని ట్యూబు ఒకటి, పనిచేస్తుందని ముందే తెలిసిన ప్లాస్మిడ్ కలిపిన ట్యూబు ఇంకొకటి తప్పక పెట్టాలి. అవి లేని ప్రయోగాన్ని నేను ప్రయోగంగా లెక్కించను.

అసలు కష్టం హీట్ షాక్ దగ్గర, అంటే ఐసులోని ట్యూబును కొద్ది సెకన్లు 42 డిగ్రీల నీటిలో ముంచే దగ్గర మొదలవుతుంది. డీఎన్ఏకూ కణపొరకూ రెండింటికీ రుణావేశమే కనుక అవి ఒకదానినొకటి వికర్షిస్తాయి. కాల్షియం అయాన్లు ఆ వికర్షణను తగ్గిస్తే, చలి నుంచి వేడికి జరిగే హఠాత్తు మార్పు డీఎన్ఏ లోపలికి పోయేందుకు తోడ్పడుతుంది. అందుకే ఇక్కడ మార్పులోని వేగమే ముఖ్యం. ట్యూబును అడుగు భాగంలో పట్టుకుని గదంతా తిరిగి వాటర్ బాత్ దగ్గరకు వెళ్లేవారు, చేతి వెచ్చదనంతోనే సగం పని చెడగొడుతున్నామని గ్రహించరు. ఐసు డబ్బాను బాత్ పక్కనే పెట్టుకుని, ట్యూబును మూత దగ్గర పట్టుకుని, ద్రవం ఉన్నంత మేర నీటిలో ముంచాలి.

యంత్రం తెరపై కనిపించే అంకెను నమ్మవద్దు. నీటిలోనే థర్మామీటరు పెట్టి చూడాలి. పల్చటి గోడల ట్యూబుకు 30 నుంచి 45 సెకన్లు సాధారణంగా సరిపోతాయి, మందపాటి ట్యూబులోకి వేడి ఆలస్యంగా చేరుతుంది కనుక ఎక్కువ సమయం కావాలి. ఇంకాస్త ఉంచితే ఇంకాస్త ఫలితం వస్తుందన్న ఊహ తప్పు, ఎందుకంటే అదనపు సెకన్లు కణాలను చంపుతాయి. సమయం కాగానే ట్యూబును ఐసులోకి మార్చి రెండు నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఈ దశలో ట్యూబును గట్టిగా కుదిపి కలిపే వర్టెక్స్ యంత్రం జోలికి వెళ్లకూడదు.

హీట్ షాక్‌కు బదులు విద్యుత్ ఘాతంతో డీఎన్ఏను లోపలికి పంపే ఎలక్ట్రోపొరేషన్‌లో ఎక్కువ కాలనీలు (ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపులు) వస్తాయన్నది నిజమే. అయితే డీఎన్ఏలో లవణం మిగిలితే అక్కడ నిప్పురవ్వ లేచి నమూనా పాడవుతుంది. రోజువారీ క్లోనింగ్‌కు, అంటే ప్లాస్మిడ్‌లో పెట్టిన జన్యువుకు నకళ్లు తీసే పనికి, హీట్ షాకే సరైనది.

తరువాత ఎస్ఓసీ చేర్చి 37 డిగ్రీల వద్ద గంటసేపు ఊపాలి. యాంపిసిలిన్ పెరుగుతున్న కణాల గోడ నిర్మాణాన్ని అడ్డుకుంటుంది కనుక ఈ గంటను కొంత తగ్గించినా నడుస్తుంది. కానీ ప్లేట్లలో కనామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ వాడితే, అది ప్రోటీన్ తయారీనే ఆపుతుంది కాబట్టి, నిరోధక ప్రోటీన్ ముందుగా తయారయ్యేందుకు పూర్తి గంట ఇచ్చి తీరాలి.

ప్లేట్లపై పరచి, 37 డిగ్రీల వద్ద 12 నుంచి 16 గంటలు ఉంచి తీసేయాలి. నిరోధక కణాలు విడుదల చేసే ఎంజైము చుట్టూ ఉన్న యాంపిసిలిన్‌ను విరగ్గొట్టడం వల్ల, ఆలస్యమైన కొద్దీ పెద్ద కాలనీల చుట్టూ ప్లాస్మిడ్ లేని చిన్న కాలనీలు పుట్టుకొస్తాయి. వాటిని ముట్టకుండా, విడిగా ఉన్న పెద్ద కాలనీలనే తీసుకోవాలి.